కాపరి కొడుకులు నలుగురు

మొన్న ఆదివారం మధ్యాహ్నం తలకాయ కూరతో అన్నాలు తిని ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూలబడ్డాం. సైదాబాద్‌లో మా ఇంటి హాలు ఎంతంటే, నలుగురు కూచుంటే ఐదో మనిషి గడపలో కూచోవాలి. ఆ గడప ఎప్పుడూ నాదే. కోడలు ఛానెళ్లు తిప్పుతూ తిప్పుతూ ఇంగ్లండ్ పల్లెటూళ్లు చూపించే ఏదో కార్యక్రమం దగ్గర ఆగింది. పచ్చటి గుట్టలు, రాయి మీద రాయి పేర్చి కట్టిన పొట్టి గోడలు, వాటి వెనకాల గొర్రెలు, దూరంగా చర్చి గోపురం. "ఎంత నిమ్మళంగ ఉన్నదో సూడుండ్రి మామయ్యా, అక్కడ ఏ లొల్లి ఉండదేమో" అంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది, ఉండలేదు. "నిమ్మళమా? ఆ గుట్ట కింది ఊరు రెండుసార్లు కాలి బూడిదైంది. ఆ గోడలు కట్టిననాడు ఊరోళ్లు గడ్డపారలు వట్టుకొచ్చి కూలగొట్టిండ్రు. చర్చిల ముంగటి బెంచీ ఎవరిదని రెండిండ్లోళ్లు తాతల కాలం నుంచి మనుమల కాలం దాక కోర్టుల కొట్లాడుకున్నరు" అన్నాను. హాలంతా నా వైపు తిరిగింది. మావాడు పగలబడి నవ్వాడు. "సికింద్రాబాద్ పోవాల్నంటేనే నీళ్ల సీస, దస్తీ సదురుకుంటవ్. ఇంగ్లండ్ ఎప్పుడు పోయినవ్ డాడీ?" అన్నాడు. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. ఆమెకు సంగతి సగం తెలుసు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు. పాన్ డబ్బాకు పోయొస్తానని చెప్పి చెప్పులేసుకున్నాను. నాకు పాన్ అలవాటు లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

టీవీలో కనిపించిన ఆ జిల్లా పేరు ఇక్కడ రాయను. దాన్ని వాళ్లు కౌంటీ అంటారు, మేము జిల్లా అనేవాళ్లం. దాచుకోవాల్సింది జిల్లాకేమీ లేదు, నాకే ఉంది. ఇంగ్లండ్ పటంలో చూస్తే అరచేతంత ఉంటుంది. పెద్ద పట్నాలు లేవు, ఫ్యాక్టరీలు లేవు. గొర్రెలు, ఆవులు, సంతలు, వాన. ఆ జిల్లా మూడు వందల ఏళ్ల చరిత్ర, ఎవరు పుట్టారో, ఎవరు ఎవర్ని కట్టుకున్నారో, ఎవరు ఎప్పుడు పోయారో, అదంతా శాలిబండలో ఒక గాజుల గోదాము పైన రెండో అంతస్తులో, ఆరడుగుల ప్లైవుడ్ బల్లల మీద, మేం డజను మందిమి కంప్యూటర్లలోకి ఎక్కించాం. ఇరవై ఏళ్ల కిందటి మాట, మావాడు అప్పటికింకా చిన్న పిల్లాడు. అక్కడి చర్చిల్లో పాతకాలం నుంచి పెట్టిన రిజిస్టర్లను ఫొటోలు తీసి పంపేవారు. చేతిరాత పేజీలు, సిరా అలుక్కుపోయి, అంచులు ఎలుకలు కొరికి ఉండేవి. మేం వాటిని చూసి అక్షరం అక్షరం కొట్టాలి. కింద గోదాము సేటు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడిగేవాడు, "ఏం భాయ్, ఇయ్యాల ఎంతమంది గోరా దొరలను బొంద పెట్టిండ్రు?" అని. ఆయన లెక్కన మా ఆఫీసు ఒక శ్మశానం.

మా అమ్మ లెక్కా అదే. మాది గౌలిపురలో పాల ఇల్లు. తాతల నుంచీ బర్లే బతుకు. నేను ఒక్కణ్నే సాయంత్రం కాలేజీలో హిస్టరీ బి.ఏ. చేసి, పాల క్యాను వదిలి కీబోర్డు పట్టుకున్నాను. రోజంతా చచ్చినవాళ్ల పేర్లు రాసి వస్తున్నానని తెలిసిన నాటి నుంచి అమ్మ నన్ను తిన్నగా ఇంట్లోకి రానిచ్చేది కాదు. వాకిట్లో చెంబెడు నీళ్లు పెట్టి కాళ్లు కడుక్కోమనేది. "మూడు నూర్ల ఏండ్ల కిందట సచ్చిండ్రమ్మా, ఇంకా మైలెక్కడిది?" అంటే, "నీ కండ్లకు ఇయ్యాలనే గద తాకింది" అనేది. బాపుకు మాత్రం ఆ జిల్లా కబుర్లంటే ఇష్టం. ఒకరోజు పితికేటప్పుడు పక్కన కూచుని చెప్పాను, అక్కడ ఊరందరి బీళ్లను దొరలు గోడలు కట్టి కలిపేసుకున్నారని, పేదోళ్ల ఆవులకు మేత లేక అమ్ముకున్నారని. బాపు పొదుగు మీద చెయ్యి ఆపాడు. "చెరువు కింద మన జాగకు గోడ వెట్టినట్టే గద. ఆళ్లకూ గంతేనన్నట్టు" అని మళ్లీ పితకసాగాడు. నా బి.ఏ.లో ఎవరూ అంత తేలిగ్గా చెప్పలేదు.

ఆఫీసులో అందరం ఆ జిల్లాను "మన జిల్లా" అనేవాళ్లం. పొద్దున రాగానే "మన జిల్లాల మస్తు వానలు పడుతున్నయి, పాస్టరు పేజీ అంచు మీద రాసిండు" అని ఒకరు, "మన జిల్లాల ముసలోడు నాలుగో పెండ్లి చేసుకున్నడు" అని ఇంకొకరు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచామంటే, ఎవరి చుట్టాల ముచ్చటో అన్నట్టు మాట్లాడుకునేవాళ్లం. ఆ కబుర్లకు పెద్దను నేను. ఒక కాలంలో శవానికి ఉన్ని గుడ్డే చుట్టాలని అక్కడ చట్టం చేశారు, ఉన్ని వ్యాపారం దెబ్బతినకూడదని. అందుకే ప్రతి చావు పక్కన ఉన్ని గుడ్డలోనే పూడ్చామని ప్రమాణం రాసి ఉంటుంది. అది ఏమిటో ఎవరికీ తెలియక బుర్రలు గోక్కుంటుంటే నేను ఎక్కడో చదివి చెప్పాను. ఆ రోజు నుంచి మా పని చూసే సారు కూడా ఏదైనా అర్థం కాకపోతే, "హిస్టరీ సాబ్‌ను అడుగున్రి" అనేవారు. ఆ పిలుపు నాకు బాగా తలకెక్కింది. అప్పుడు అలా అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.

పని ఎలా చేసేవాళ్లమో చెప్పాలి, లేకపోతే నేను చేసింది అర్థం కాదు. ఒకే పేజీ ఫొటోను ఇద్దరికి ఇచ్చేవారు. ఇద్దరూ విడివిడిగా, ఒకరినొకరు అడగకుండా కొట్టాలి. తర్వాత కంప్యూటరు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండూ ఒకటైతే సరే. తేడా ఉంటే సారు ఫొటో తెరిచి ఎవరిది ఒప్పో తేలుస్తారు. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చేయరని ఆ ఏర్పాటుకు నమ్మకం. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు పాతబస్తీలో పప్పుచారు పంచుకునే జనాన్ని చూసి ఉండడు. మా బల్లల మధ్య ఉన్న అడ్డం ప్లైవుడ్‌ది, గుసగుస ఇవతల నుంచి అవతలికి హాయిగా పోయేది. శనివారం శనివారం గోడ మీద ఒక కాగితం అంటించేవారు, ఏ జంటకు తక్కువ తేడాలు వచ్చాయో వరసగా. మొదటి వరసలో మా జంట పేరు ఉండాలని నాకు పిచ్చి.

నా జంట ఒక అక్క. రోజూ ఫలక్‌నుమా నుంచి వచ్చేది, అప్పటికే యాభైకి దగ్గర. ఆమె భర్త కోర్టు బయట స్టూలు వేసుకుని అర్జీలు టైపు కొట్టేవాడట. ఆయన పోయాక ఆ మిషను ముందు ఆమె కూచుంది. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ మిషను మీదనే చదివించింది. కంప్యూటర్లు వచ్చి కోర్టు బయట గిరాకీ చచ్చిపోయాక మా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు ఎంత చక్కగా కొట్టేదో, వాటి అర్థం అంత తక్కువ తెలిసేది. తెలియకపోవడాన్ని దాచుకునేదీ కాదు. "నాకు తెల్వకనే మంచిది తమ్మీ. తెలిస్తే చెయ్యి జారుతది. కోర్టు కాయితంల ఒక్క అక్షరం మారితే ఒకని ఇల్లు పోతది, ఉన్నది ఉన్నట్టు కొట్టాలె" అనేది. ఆమె కొట్టిన పేజీలో తప్పు పట్టడానికి సారు నెలకొకసారి చూసేవారు, దొరికేది కాదు. ఆమె పేరు కూడా రాయను. పెంట అన్న మాటతో మొదలయ్యే పేరు. హాజరు పిలిచినప్పుడు కుర్రకారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్విన రోజులు కూడా ఉన్నాయి. ఆమె మాత్రం "ఉన్న సార్" అని అందరికంటే గట్టిగా పలికేది.

ఇక ఆ పేజీలు. ఆ జిల్లాలో కొండ కింది ఒక ఊరి రిజిస్టరు మా జంటకు వచ్చింది. దాంట్లో ఒక చిక్కు ఉంది. చర్చిలో ఉన్న అసలు పుస్తకం కాక, ప్రతి ఏడూ దానికి ఒక నకలు రాసి పైవాళ్లకు పంపేవారట. ఫొటోలు తీసినవాళ్లు రెండింటినీ కలిపేశారు. అందుకని మాకు ఒక రూలు పెట్టారు, ఒకే మనిషి రెండుసార్లు వస్తే ఒక్కసారే ఉంచండని. అసలులో ఉన్న పేరూ తేదీ నకలులో అట్లాగే వస్తే తీసేయడం వరకు ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ నా కంటికి ఇంకోటి కనిపించింది. ఒక గొర్రెల కాపరి, పేరు రిచర్డ్. అతని కొడుకు థామస్‌ను పూడ్చినట్టు ఒక మాఘ మాసపు చలిలో రాసి ఉంది. రెండేళ్లు పోయాక మళ్లీ రిచర్డ్ కొడుకు థామస్‌ను పూడ్చారు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ. ఆ తర్వాత మళ్లీ. నాలుగుసార్లు. అదొక్క ఇంట్లోనే కాదు, పక్క పేజీల్లో జేన్‌లు, విలియమ్‌లు, మేరీలు అలాగే తిరిగి తిరిగి చచ్చిపోతున్నారు. ఒక పిల్లవాడు నాలుగుసార్లు ఎలా చస్తాడని నేను నవ్వుకున్నాను. నకలు రాసే గుమాస్తా కల్లు తాగి ఏళ్లు తారుమారు చేసి ఉంటాడని తేల్చేశాను. హిస్టరీ సాబ్‌ను కదా. మొదటి థామస్‌ను ఉంచి, తక్కిన ముగ్గురినీ కొట్టకుండా వదిలేశాను. వరసగా ఆ పుస్తకం పొడుగునా అదే చేశాను.

అక్క అందరినీ కొట్టింది. సాయంత్రం అయ్యేసరికి మా ఇద్దరి ఫైళ్లకూ మధ్య ఎన్నడూ లేనన్ని తేడాలు కనిపించాయి. సారుకు పంపే ముందు ప్లైవుడ్ మీదుగా వంగి, ఆ పేర్లు తీసెయ్యి అక్కా, అవి రెండోసారి వచ్చినయి అన్నాను. ఆమె ఫొటో దగ్గరికి మొహం పెట్టి చూసింది. "గట్ల కాదు తమ్మీ. ఈళ్లు వేరే వేరే పిల్లగాళ్లు. ఒగడు పోతే మళ్ల వుట్టినోనికి గదే పేరు వెట్టుకున్నరు."

"ఎవరన్నా సచ్చినోని పేరు మళ్ల పెడ్తరా?" అన్నాను.

"ఎందుకు పెట్టరు? ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు. మా అమ్మకు నాకన్న ముంగట ముగ్గురు వుట్టి పోయిండ్రు. నేను వుట్టంగనే చాటల ఏసి పెంట మీద పండవెట్టిండ్రట. పక్కింటామె ఎత్తుకొచ్చి, తవుడు తీసుకొని మా అమ్మకు అమ్మింది. మీ బిడ్డ కాదు, పారేసిన బిడ్డ అని చెప్తె దేవుడు మళ్ల ఇటు చూడడని. గందుకే నాకీ పేరు. మనోళ్లు పేరు మార్చి దాస్తరు, ఆళ్లు అదే పేరు వెట్టి పోయినోన్ని తెచ్చుకుంటరు. ఇద్దరిది భయమే గద."

ఆమె అంత పొడుగున మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. చుట్టూ నలుగురైదుగురు చేతులు ఆపి వింటున్నారు. ఇంత చదివిన నాకు తెలియంది కోర్టు మెట్ల దగ్గర టైపు కొట్టుకునే ఆమె చెప్పడం, అదీ అందరి ముందు. నాకు చెవులు వేడెక్కాయి. ఆమె చెప్పింది నిజమేమోనని లోపల ఒక మూల అప్పుడే అనిపించింది. ఇది దాచను. అనిపించింది కాబట్టే గొంతు పెంచాను. "నీకు ఇంగ్లీషే రాదు గదా అక్కా, ఆళ్ల రివాజులు నీకెట్ల తెలుస్తయి? రూలు రూలే. తీసెయ్యి. లేకుంటే శనివారం కాయితం మీద మన పేరు అడుగుకు పోతది" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నా మొహం చూసింది, తెర చూసింది. తర్వాత ఒక్కొక్కరినే తీసేయడం మొదలుపెట్టింది. ఒక్కో పేరు మీద కాస్త ఆగేది. ఆ ఆగడం వల్ల ఆలస్యమవుతోందని నేను విసుక్కున్నాను కూడా. ఆ శనివారం కాగితం మీద మా జంట మొదటి వరసలోనే ఉంది.

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. ఆ జిల్లాలోనే ఉండే ఒక పెద్దావిడ, తీరిక వేళల్లో మేం ఎక్కించినదాన్ని చర్చిలో ఉన్న అసలు పుస్తకంతో సరిపోల్చి చూస్తోందట. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఎంతో బాగుండేది. శ్రమ ఇస్తున్నందుకు మన్నించమని మొదలుపెట్టి, మీ పని చాలా చక్కగా ఉంది, అయితే ఈ ఒక్క ఊళ్లో చిన్నపిల్లలు చాలామంది కనిపించడం లేదు, అక్కడ ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టే ఆచారం ఉండేది, అది మీకు తెలిసే అవకాశం లేదు, వీలైతే ఒకసారి చూడగలరా అని రాసింది. అలా రాసిందని సారు తన గదిలో మా ఇద్దరినీ నిలబెట్టి చదివి వినిపించారు. తెలిసే అవకాశం లేదన్న దగ్గర నేను తల దించుకున్నాను. చెప్పిన మనిషి నా పక్కనే నిలబడి ఉంది.

సారు మంచివారే. పైనుంచి ఆయనకు గట్టిగా పడినట్టుంది, మొహం నల్లబడి ఉంది. కంప్యూటరులో ఎవరు ఎప్పుడు ఏ మీట నొక్కారో ఒక దస్త్రం ఉంటుంది. అది తెరిచారు. నా ఫైల్లో ఆ పిల్లలు మొదటి నుంచీ లేరు. అక్క ఫైల్లో ఉన్నారు, అదే రోజు సాయంత్రం ఒక్కొక్కరుగా తీసేసి ఉన్నారు. సారు నన్ను ముందు అడిగారు, నీ దాంట్ల ఎందుకు లేవని. "కనవడలే సార్, లైను దాటిపోయినట్టున్న" అన్నాను. ఇంకేం ఆలోచించకుండా నోటికి వచ్చేసింది, అబద్ధం ఎప్పుడూ అంత సులువుగా రాలేదు నాకు. సారు అక్క వైపు తిరిగారు. "చూడక వదిలితే కంటి తప్పమ్మా. కొట్టినంక తీసేస్తే చేతి తప్పు. నువ్వు కొట్టినవ్, నువ్వే తీసేసినవ్. ఎవరన్నా చెప్పిండ్రా?" అన్నారు.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది. చెప్పమని అడిగే చూపు కాదు, నన్ను తప్పుపట్టే చూపూ కాదు. వీడు చెబుతాడులే అని ఎదురుచూసే చూపు. నేను గోడ మీదున్న క్యాలెండరు వైపు చూశాను. ఆమే అంది, "నేనే తీసేసిన సార్" అని. అంతే. నన్ను తమ్మీ అని పిలిచింది కాబట్టి, తమ్ముణ్ని పట్టిచ్చే అక్క లేదు కాబట్టి ఊరుకుందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను నోరు విప్పకపోవడానికి ఉద్యోగ భయం సగమే. బర్లున్న ఇల్లు, పస్తులుండే పని లేదు. నిజం చెబితే ఇంగ్లీషు రాని ఆమె చదవగలిగిన దాన్ని హిస్టరీ సాబ్ చదవలేకపోయాడని పన్నెండు మందికీ తెలుస్తుంది. ఆ పరువు కోసం ఒక ఇంటి కూడు తీశాను. ఈ మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది, పెట్టాక చూసుకుంటే ఇంకా సిగ్గుగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే అక్కను పంపేశారు. ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని, కీబోర్డు మీద పాత చున్నీ ముక్క కప్పి, అందరికీ చెప్పి బయల్దేరింది. తలుపు దగ్గర ఆగి, "తమ్మీ, నా కుర్చీ కాలు కింద చెక్క ముక్క ఉన్నది. ఎవరొచ్చినా తియ్యద్దని చెప్పు, ఊగుతది" అంది. సరే అన్నాను. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు, కింద గోదాములో గాజుల పెట్టెలు దించే చప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. సేటు ఆమెను ఏదో పలకరించడం, ఆమె జవాబు చెప్పడం వినిపించింది.

ఆ పిల్లలందరినీ తిరిగి ఎక్కించే పని సారు నాకే ఇచ్చారు, చరిత్ర చదివినవాడివి నువ్వే చూడమని. దాన్ని మించిన శిక్ష ఆయన వెయ్యగలిగేవారు కాదు, శిక్ష వేస్తున్నానని ఆయనకు తెలియదు కానీ. రెండు నెలలు ఆ ఒక్క ఊరితోనే ఉన్నాను. ఈసారి పుట్టుకలు పక్కన పెట్టుకుని చావులు చూశాను. కాపరి ఇంట్లో మొదటి థామస్ తొమ్మిది వారాలు బతికాడు. రెండోవాడు ఏడాది దాటాడు, నడక నేర్చి ఉంటాడు. మూడోవాడికి నాలుగు రోజులు. నాలుగోవాడిని రాసిన రోజున పాస్టరు అంచు మీద మంచు గురించి రాశాడు, నేల తవ్వడం కష్టమైందని. ఇదంతా ముందు కూడా నా కళ్ల ఎదుటే ఉంది. ఎక్కిస్తూ ఎక్కిస్తూ పోతుంటే ఒకరోజు పుట్టుకల పుస్తకంలో ఐదో థామస్ దొరికాడు, అదే కాపరి కొడుకు. వీడి కోసం చావుల పుస్తకం అంతా వెతికాను, చిన్నతనంలో ఎక్కడా లేడు. ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లిళ్ల పుస్తకంలో ఉన్నాడు. సంతకం రాక గీత గీశాడు. నేను కుర్చీలోంచి లేచి, అక్క ఉందన్న అలవాటులో ప్లైవుడ్ మీదుగా వంగాను. అవతల ఎవరో కొత్తమ్మాయి ఉలిక్కిపడి చూసింది.

ఆ ఆదివారం ఫలక్‌నుమా పోయాను. దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ పోయాను, ముందు తప్పయిందని అనాలి, సోమవారం సారు దగ్గరికి పోయి చెబుతానని అనాలి, తర్వాతే మిగతాది అని. ఇల్లు రైలు పట్టాల దగ్గర, రేకుల గది. అక్క వాకిట్లో కూచుని లక్క గాజులకు రాళ్లు అతుకుతోంది. చిన్న పొయ్యి మీద లక్క వేడెక్కుతోంది, వాసన గుప్పుమంది. నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. బిడ్డను పిలిచి చాయ్ పెట్టమంది, పీట మీద రాళ్ల డబ్బా తీసి నన్ను కూచోబెట్టింది. కళ్లజోడు మారింది, అద్దాలు ఇంకా మందమయ్యాయి. చేతి వేళ్ల కొసలకు లక్క అంటుకుని కాలిన మచ్చలు ఉన్నాయి. టైపు మిషను మీద అంత మెత్తగా ఆడిన వేళ్లు. నేను నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

"ఆ పిల్లగాళ్లను మళ్ల ఎక్కించిండ్రా తమ్మీ?"

"ఎక్కించిన."

"అందర్నా?"

"అందర్ని."

"మంచిగైంది. నా చేతుల్తోని తీసేసిన గద, బుక్కెడు తినేటప్పుడు యాదికొచ్చేది. పాపం తగుల్తదని భయమైంది" అంది.

అప్పుడైనా చెప్పాలి. అది నీ పాపం కాదు, నాది అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. చాయ్ చేతికొచ్చింది. నేను గుక్క మింగి, "అక్కా, కాపరికి ఐదోసారి కూడా కొడుకు వుట్టిండు. గదే పేరు. ఆడు బతికిండు, పెండ్లి కూడ చేసుకున్నడు" అన్నాను. అక్క చేతిలో గాజు పక్కన పెట్టింది. "బతికిండా?" అంది. మళ్లీ, "ఇగో బిడ్డా, గాడు బతికిండంట" అని లోపలికి వినబడేలా చెప్పింది, కూతురికి ఎవడు బతికాడో తెలియకపోయినా. కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ తల్లి ఎంత మొక్కుకున్నదో. గిది చెప్పనీకి గింత దూరం వచ్చినవా? మంచోనివి తమ్మీ" అంది. నేను చాయ్ తాగేశాను. పోయొస్తానని లేచాను. ఆమె వీధి మలుపు దాకా వచ్చి సాగనంపింది, ఆటోవాడితో నా తరఫున బేరం కూడా ఆడింది.

మళ్లీ అటు పోలేదు. సోమవారం సారు దగ్గరికీ పోలేదు. పండుగకు పోదామనుకున్నాను, బిడ్డ పెళ్లి అయిందని విని పోదామనుకున్నాను, బాపు పోయిన ఏడాది పోదామనుకున్నాను. ఆమె నన్ను మంచోడన్న చోటికి ఏం మొహం పెట్టుకుని పోను అనుకుంటూ ఆగిపోయాను. ఇప్పుడు ఉంటే డెబ్బై మీదే ఉంటుంది. మూడు వందల ఏళ్ల కిందట పోయిన పిల్లల్ని రెండు నెలలు కూచుని తిరిగి పుస్తకంలోకి తెచ్చాను. ఆటో ఎక్కితే అరగంట దూరంలో ఉన్న మనిషికి ఆ తప్పు నాదని చెప్పడానికి మాత్రం నాకు ఇరవై ఏళ్లు సరిపోలేదు.